ఎవరూ ‘రానీ’ అనకూడదు

నేను ఇరవై ఏళ్ళు లారీ నడిపాను. పూణే ఘాట్ రోడ్డు మీద వానలో నడిపాను. పొగమంచులో ముందు బండి ఎర్రలైటునే దేవుడనుకుని నాగపూర్ దాకా నడిపాను. కానీ ఆ ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా లారీని నా అంతట నేను వెనక్కి నడపలేదు. ఈ సంగతి నాకే తెలియదు. నలభై దాటాక, ఉప్పల్‌లో ఒక ఏజెంటు అడిగితే తెలిసింది.

నవ్వకండి. మా నాచారంలో లారీ వెనక్కి రావడం డ్రైవరు ఒక్కడి పని కాదు, వీధి మొత్తం పని. క్లీనరు దిగి వెనక నిలబడి, అరచేత్తో బండి ఒళ్ళు చరుస్తూ "రానీ, రానీ" అంటాడు. "కాట్" అంటే స్టీరింగు తిప్పాలి. "సీదా" అంటే నేరుగా పెట్టాలి. "బస్" అంటే ఆగాలి. మొదటి "రానీ" చెవిన పడగానే పక్క హోటల్లో చాయ్ తాగేవాడు గ్లాసుతో సహా లేచి వస్తాడు. పెరుగు ప్యాకెట్టు కొనుక్కుని ఇంటికి పోతున్న పెద్దమనిషి స్కూటరుకు స్టాండు వేస్తాడు. వాళ్ళలో ఎవరికీ లారీ నడపడం రాదు, కానీ లారీని వెనక్కి పిలవడం మాత్రం అందరికీ వచ్చు. డ్రైవరు చేయాల్సిందల్లా ఆ గొంతుల్లో అన్నిటికంటే గట్టిదాన్ని పట్టుకుని చక్రం తిప్పడమే.

నా క్లీనరు నాకంటే వయసులో బాగా పెద్ద. మామా అని పిలిచేవాణ్ణి. గోడకూ బండికీ మధ్య అగ్గిపెట్టె పట్టేంత సందు వదిలి ఆపించేవాడు. నమ్మనివాళ్ళ కోసం నిజంగానే అగ్గిపెట్టె తీసి అక్కడ పెట్టి చూపించేవాడు. నేను మాత్రం అద్దంలో నా మీసం చూసుకునేవాణ్ణి. అద్దంతో నాకు వేరే పని ఉండేది కాదు.

ఇంత సుఖంగా ఉన్నవాడికి విదేశం ఎందుకు పట్టింది అంటారా? సీటు కోసం. ఒకరోజు ఫోనులో ఎవరో పంజాబీ డ్రైవరు పోలెండ్‌లో తన ట్రక్కు క్యాబిను చూపించాడు. మంచం, ఫ్రిజ్జు, కాఫీ కాచే మిషను, అన్నీ ఉన్నాయి. అవి నాకు పట్టలేదు. సీటు పట్టింది. అది గాలి మీద కూర్చుంటుందట. గుంత వస్తే మనిషిని పైకి లేపి మెల్లగా దించుతుందట. నాది గోనెసంచి మడిచి పరిచిన రేకు. గుంతల లెక్క నా నడుముకు తెలిసినంతగా మున్సిపాలిటీకి కూడా తెలియదు. ఆ వీడియో మళ్ళీ మళ్ళీ పెట్టుకుని చూశాను. పెళ్ళిచూపుల్లో కూడా నేను అంత కళ్ళప్పగించి చూడలేదు.

మా ఆవిడకు చూపించాను. ఆమె సీటు చూసింది, నన్ను చూసింది, పోవాలని ఉందా అని అడిగింది. ఉంది అన్నాను. "నీ ఇష్టం" అని బియ్యం ఏరుకోవడానికి లోపలికి పోయింది. పెళ్ళాం ‘నీ ఇష్టం’ అంటే నిజంగానే తన ఇష్టమనుకుని మర్నాడే బయల్దేరిన మగవాడు ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఏజెంటు ఆఫీసు ఉప్పల్‌లో మెట్రో స్టేషను పక్కన, సెల్‌ఫోన్ల దుకాణం పైన. లోపల ఏసీ ఎంత చల్లగా పెట్టాడంటే, పోలెండుకు అక్కణ్ణుంచే అలవాటు చేస్తున్నాడనిపించింది. అన్నీ సులువే అన్నాడు. ఒక్క పరీక్ష మాత్రం ఉంది. మూడు నెలల తర్వాత ఆ దేశం నుంచి ఒక మనిషి వస్తాడు. పొడుగు ట్రైలరును వెనక్కి నడిపి రెండు వరుసల కోన్ల మధ్య పెట్టి చూపించాలి. అద్దాలు చూసుకుంటూ, ఒంటరిగా. పక్కనుంచి ఎవరైనా ఒక్క మాట చెప్పినా డ్రైవరు ఫెయిలు. నా వయసుకు ఇదే ఆఖరు, ఇంకోసారి పిలవరు. ఒంటరిగా రివర్సు వచ్చు కదా అన్నా అని అడిగాడు. నేను నోరు తెరిచి, ఇరవై ఏళ్ళు వెనక్కి ఆలోచించి, నోరు మూసుకున్నాను.

మామకు చెబితే ఆయనకు కోపం రాలేదు, జాలి వేసింది. నా మీద కాదు, ఆ దేశం మీద.

"క్లీనర్ లేకుంటే మరి ఎన్క ఎవలు సూస్తరు?" అన్నాడు.

"అద్దాలుంటయి మామా."

"అద్దం రానీ అంటదా?"

మామ బీడీ ముట్టించుకుని, అంత గరీబు దేశానికి పోవడమెందుకని నన్ను చాలాసేపు బుజ్జగించాడు.

ఇంతలో మా గల్లీ దోస్తులు ఒక పని చేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నాచారం చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. దాని మీద నా తల ఉంది. దాని కింద ఎవరిదో కోటు ఉంది. వెనక ఎర్రటి ట్రక్కు, పైన విమానం, చుట్టూ మంచు. విదేశానికి ఎంపికైన అన్నకు శుభాకాంక్షలు అని రాయించి, కింద తమ ఫొటోలు నా ఫొటో కంటే పెద్దవి వేసుకున్నారు. పరీక్ష ఇంకా జరగలేదురా అంటే, ఎట్లైన పెట్టేదే, జర ముందు పెట్టినం అన్నా, గిప్పుడైతే ఫ్లెక్సీ ఆఫర్ ఉన్నది అన్నారు. పరీక్ష పోతే ఆ కోటు మనిషి కింద నుంచే నేను రోజూ డ్యూటీకి పోవాలి. అది తలుచుకుంటే అన్నం సహించేది కాదు.

మా లారీ సేటు మంచివాడు. ఆదివారాలు ఒక ఖాళీ ట్రైలరు ఇస్తానన్నాడు. చర్చి అయ్యాక నేను, మా ఆవిడ అన్నం తిని నాచారం ఇండస్ట్రియల్ ఏరియాకు పోయేవాళ్ళం. ఆదివారం అక్కడ ఫ్యాక్టరీలన్నీ మూసి ఉంటాయి, కాకి కూడా ఉండదు. గేరు వెనక్కి వేశానో లేదో, మూసిన ఫ్యాక్టరీ గేటు సందులోంచి వాచ్‌మన్ వచ్చి "రానీ" అన్నాడు. వద్దన్నాను. డబ్బులేం వద్దులే అన్నాడు. వెనక నుంచి ఇంకెవరో "లెఫ్ట్ కాట్" అన్నారు. ట్రైలరును ఎడమకు పంపాలంటే స్టీరింగును కుడికి తిప్పాలి. అది తెలియని వాళ్ళు ఎడమకు చెబుతారు, సగం తెలిసిన వాళ్ళు కుడికి చెబుతారు. వినకపోతే ఇద్దరికీ కోపమే. చెప్తుంటే ఇనడేంది, చెవుడా అని ఒకాయన మా ఆవిడను అడిగాడు. ఆమె అవునంది. అప్పుడాయన ఇంకా గట్టిగా అరవడం మొదలుపెట్టాడు.

తర్వాతి ఆదివారం దమ్మాయిగూడ దాటి కొత్త వెంచరుకు పోయాం. హద్దురాళ్ళు తప్ప ఏమీ లేవు. ప్లాటు కబ్జా చేయడానికి వచ్చామనుకుని ఒక యజమాని మోటారు సైకిలు మీద దూసుకుంటూ వచ్చాడు. సంగతి చెబితే చల్లబడి, తన ప్లాటులోనే నిలబడి "ఆనేదో, ఆనేదో" అని ‘రానీ’నే హిందీలో అంటూ చేతులూపాడు. ఆ పై ఆదివారం జవహర్‌నగర్ రోడ్డు పట్టాను. చెత్తగుట్ట వాసనకు అక్కడ ఎవరూ ఆగరని నా తెలివి. నలుగురు చెత్త లారీల డ్రైవర్లు బండ్లు పక్కకు పెట్టి, ముక్కులకు గుడ్డలు కట్టుకుని, ఆ గుడ్డల్లోంచే నాకు దారి చెప్పారు. మంచితనం ఇంత హింస పెడుతుందని నాకు అప్పుడే తెలిసింది.

చర్చిలో నా కోసం ప్రార్థన పెట్టించాను. పాస్టరు గారు కళ్ళు మూసుకుని, ప్రభువా, ఈ సహోదరుడు ముందుకు పోవాలంటే మొదట వెనక్కి పోవాల్సి ఉన్నది, ఆ వెనకబాటు ఆయనకు దయచేయి అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. మా ఆవిడ మాత్రం పెదవులు కదిపిందే తప్ప శబ్దం రాలేదు. చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. మైకు లేకుండా పాడితే రోడ్డవతల ఆటో ఆగుతుంది. అలాంటి గొంతు ఆ రోజు బయటికి రాకపోతే జలుబు చేసిందేమో అనుకున్నాను.

ఉపాయం కూడా ఆమెదే. మళ్ళీ నాచారం ఫ్యాక్టరీల గల్లీకే పోయాం. వాచ్‌మన్ "రానీ" అనబోతుండగా ఆమె అడ్డం పోయి, మెల్లగా ఏదో చెప్పింది. ఆయన చెప్పులు విడిచి పక్కకు జరిగి చేతులు కట్టుకున్నాడు. వచ్చినవాడు వచ్చినట్టు అలాగే నిలబడిపోయాడు. గల్లీ మొత్తం నిశ్శబ్దం. నేను దిగి, ఏం చెప్పావని అడిగాను.

"మొక్కున్నదని చెప్పిన" అంది. "ఎవ్వలు మాట్లాడకుంట బండి ఎన్కకు తీస్తనని మొక్కినవ్. మాట్లాడినోళ్ళకు పాపం తగుల్తదని చెప్పిన."

మా దగ్గర మనిషిని ఎన్ని ప్రశ్నలైనా అడుగుతారు గానీ మొక్కును మాత్రం ఎవరూ అడగరు. ఏ దేవుడికి అని కూడా అడగలేదు, అదే మా అదృష్టం. ఒక ముసలమ్మ ట్రైలరు మీద పసుపు చల్లి, కుంకుమ బొట్టు పెట్టింది. ఇంకొకాయన చక్రం కింద నిమ్మకాయ పెట్టాడు. క్రైస్తవులం, కాదనడానికీ లేదు, అవుననడానికీ లేదు. ఇంటికి పోయాక మా ఆవిడ మోకాళ్ళ మీద చాలాసేపు ఉంది. అబద్ధానికి క్షమాపణ అడుగుతోందని నేను అనుకున్నాను.

అలా ప్రతి ఆదివారం ఆమె వెనక నిలబడి ఊరి నోరు మూయించేది, నేను అద్దాలతో స్నేహం చేసేవాణ్ణి. ట్రైలరు మొండి గేదె లాంటిది. లాగితే రాదు, తల అటు తిప్పితే తోక ఇటు వస్తుంది. మెల్లమెల్లగా దాని బుద్ధి తెలిసింది. ఎవరేం అరిచినా చెవిన పెట్టకూడదన్నది ఒంటికి పట్టింది. ఎంతగా పట్టిందంటే, ఒకసారి దమ్మాయిగూడలో ఆ ప్లాటు యజమాని, రాయి, రాయి అని నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా నేను ఆగలేదు. హద్దురాయి వంగిపోయింది. దాన్ని నిలబెట్టి, ఆయన కాళ్ళ మీద పడినంత పని చేశాం. ఇన్ని ఆదివారాల్లో నాకు ఒక్క మాట కూడా అందించనిది మా ఆవిడ ఒక్కతే.

పరీక్ష అన్నోజిగూడ దాటాక, హైవే పక్కన ఒక చదును చేసిన జాగాలో పెట్టారు. ఇంటివాళ్ళు రావొద్దని ఏజెంటు చెప్పాడు. మా ఆవిడ టిఫిను డబ్బా చేత్తో పట్టుకుని వచ్చింది, డబ్బా ఉన్న మనిషిని ఎవరు ఆపుతారు. పరీక్ష పెట్టే తెల్లాయన తాటిచెట్టంత ఉన్నాడు. మన ఎండకు మిరపపండు రంగుకు వచ్చాడు. తల మీద గంప లాంటి టోపీ ఉంది. ఆయన చెప్పింది ఏజెంటు తెలుగులో చెప్పాడు. ఎవరూ సైగ చేయొద్దు, నోరు విప్పొద్దు. అందరం తలలూపాం. మొదటి డ్రైవరు గేరు వేశాడు. అంతే, వరుసలో ఉన్న అందరం ఒక్క గొంతుతో "రానీ" అన్నాం. నేను కూడా అన్నాను. కావాలని కాదు, తుమ్ము లాగా వచ్చేసింది.

తెల్లాయన విజిలు ఊది, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, చాలా మాట్లాడాడు. ఏజెంటు దాన్నంతా కలిపి "బుద్ధి లేదా అంటున్నడు" అని చెప్పాడు. ఆ డ్రైవరుకు ఇంకో అవకాశం ఇప్పించడానికి అందరం బతిమాలాం. మళ్ళీ నోరు జారకుండా తలా ఒక చేతిరుమాలు నోటికి కట్టుకుని నేల మీద కూర్చున్నాం. హైవే మీద పోయేవాళ్ళు మమ్మల్ని చూసి ఏదో నిరాహార దీక్ష అనుకుని, చేతులూపి మద్దతు చెప్పి పోయారు.

నా వంతు వచ్చింది. రుమాలు విప్పి ఎక్కాను. సీటు చూశాను, మన సీటే. గేరు వేశాను. ఎడమ అద్దంలో ట్రైలరు అంచు, దాని పక్కన కోన్ల వరుస. కుడి అద్దంలో దూరంగా రుమాళ్ళ వరుస, దాని చివర డబ్బా ఒళ్ళో పెట్టుకుని మా ఆవిడ. ఆమె నోటికి రుమాలు లేదు. ట్రైలరు తోక కోన్ల మధ్యలోకి తిరిగింది. కొంచెం వంకర పోతే ఆపి, ముందుకు జరిపి, మళ్ళీ పట్టాను. దారిలో పడింది. నా జీవితంలో అంత చక్కగా ఏ పనీ చేయలేదని నాకే తెలుస్తోంది. ఇంకొక్క బారెడు దూరం ఉందనగా మా ఆవిడ అరిచింది.

"ఆగు."

మూడు నెలలుగా ఊరు ఊరంతా అరిచినా ఆగని నా కాలు, ఆ ఒక్క మాటకు బ్రేకు మీద పడింది. అయిపోయింది, ఇంక నేనూ ఫ్లెక్సీలో కోటూ అనుకున్నాను. ఆమె మీద వచ్చినంత కోపం నాకు పెళ్ళయ్యాక ఎప్పుడూ రాలేదు. దిగి వెనక్కి పోయాను. ట్రైలరుకు జానెడు దూరంలో తెల్లాయన నేల మీద వంగి ఉన్నాడు. హైవే మీద పోయిన బస్సు గాలికి ఆయన టోపీ ఎగిరి వెనక పడిందట. దాని కోసం వంగాడట. ఏ అద్దంలోనూ కనబడని చోటు అది. ఆయన టోపీ దులుపుకుంటూ లేచి ట్రైలరును చూశాడు, నన్ను చూశాడు, ఎర్రటి ముఖం తెల్లగా అయిపోయింది.

రుమాళ్ళ వాళ్ళందరూ చుట్టూ చేరారు. తెల్లాయన ఏజెంటుతో మాట్లాడాడు, మాట్లాడుతూనే ఉన్నాడు. నేను ఏజెంటు ముఖం చూస్తున్నాను, మా ఆవిడ నేల చూస్తోంది. చివరికి ఏజెంటు ఇటు తిరిగి, పాసన్నా అన్నాడు. అరుపు వినగానే కారణం అడగకుండా ఆగేవాడే డ్రైవరట, మిగతాదంతా ఎవరికైనా నేర్పొచ్చట. తర్వాత తెల్లాయన మా ఆవిడను చూపించి ఇంకేదో అడిగాడు. ఆమెకు లైసెన్సు ఉందా అని అడుగుతున్నాడట. నవ్వులతో ఆ జాగా దద్దరిల్లింది. మామ అక్కడ ఉంటే ఎంత పొంగిపోయేవాడో అనిపించింది. డబ్బాలో పులిహోర తెల్లాయనకు కూడా పెట్టాం. మిరపకాయ కొరికి మళ్ళీ ఎర్రగా అయ్యాడు.

మోటారు సైకిలు మీద ఇంటికి వస్తున్నాం. వెనక ఆమె, ఆమె ఒళ్ళో ఖాళీ డబ్బా. ఆ సంతోషంలో నేను దారి పొడుగునా ఆ సీటు గురించే మాట్లాడాను. ఉప్పల్ చౌరస్తాలో ఎర్ర సిగ్నలు పడింది. నవ్వుతూనే అడిగాను, నోరు తెరిస్తే నేను ఫెయిలవుతానని నీకు తెలుసు కదా, భయం వేయలేదా అని.

"ఎర్కనే" అంది. "పొద్దుగాల్నుంచి ఒర్లుదామనే కూసున్న. ఆయన టోపీ పడకముందే రెండుసార్లు నోటిదాక వచ్చింది."

నేను వెనక్కి తిరగబోయాను. ముందుకు చూడు అంది.

"మరెందుకు ఒర్లలే?"

"మంచిగ తీస్తుంటివి" అంది. "గంత మంచిగ తీసేటోణ్ణి ఎట్ల ఆపుత?"

పచ్చ సిగ్నలు పడింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. నేను బండి ముందుకు పోనిచ్చాను. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, నేను విమానం ఎక్కే రోజు కూడా.

ఇప్పుడు నేను ఆ గాలి సీటు మీదే కూర్చుంటున్నాను. వీడియోలో చూసినట్టే ఉంది, నడుము నొప్పి పోయింది. గోదాముల ముందు ట్రైలరు వెనక్కి పెట్టేటప్పుడు ఇక్కడ ఒక్క మనిషీ బయటికి రాడు. గాజు వెనక కూర్చున్నవాడు తల కూడా ఎత్తడు. అద్దాలు చూసుకుంటాను, దిగి ఒకసారి వెనక్కి పోయి చూస్తాను, మళ్ళీ ఎక్కుతాను. చాలాసార్లు ఒక్క పట్టుకే లోపలికి పోతుంది. అలా చక్కగా పోయిన ప్రతిసారీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఆ రోజు అన్నోజిగూడలో ఇంకొంచెం వంకరగా తీసి ఉంటే, టోపీ పడకముందే ఆమె అరిచేది.